రజాకార్లను ఎదిరించిన జర్నలిస్టు షోయబుల్లా ఖాన్

సెప్టెంబర్ వచ్చిందంటే చాలు, పేపర్లలో, టీవీల్లో రజాకార్ల కథలు మొదలవుతాయి. వాళ్లు చేసిన దౌర్జన్యాలు నిజం. వాటిని ఎవరూ కాదనలేరు. కానీ ఆ కథల్లో ముస్లిం అంటే రజాకార్ ఒక్కడే కనిపిస్తాడు. అది చూసి మన పిల్లలు, మన తాతలు కూడా ఇలాంటోళ్లేనా అని అడిగితే ఏం చెప్పాలి? ముందుగా షోయబుల్లా ఖాన్ గురించి చెప్పాలి.

షోయబుల్లా ఖాన్ 1920లో మహబూబాబాద్ ప్రాంతంలో పుట్టారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో పనిచేసేవారు. షోయబుల్లా ఉస్మానియా యూనివర్సిటీలో డిగ్రీ చేశారు. ఆ రోజుల్లో ఉస్మానియాలో చదివిన ముస్లిం యువకుడికి సర్కారు నౌకరీ దొరకడం పెద్ద కష్టం కాదు. ఆయన మాత్రం పత్రికల వైపు వెళ్లారు. మొదట 'తేజ్' అనే ఉర్దూ పత్రికలో, తర్వాత మందుముల నర్సింగరావు నడిపే 'రయ్యత్'లో పనిచేశారు. ప్రభుత్వాన్ని విమర్శిస్తోందని నిజాం సర్కారు 'రయ్యత్'ను మూయించింది. దాంతో ఆయనే సొంతంగా ఒక పత్రిక పెట్టాలనుకున్నారు. బూర్గుల రామకృష్ణారావు లాంటి వాళ్లు సాయం చేశారు. 1947 నవంబర్‌లో 'ఇమ్రోజ్' మొదలైంది. ఇమ్రోజ్ అంటే ఈ రోజు అని అర్థం.

అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. హైదరాబాద్ సంస్థానం మాత్రం యూనియన్‌లో కలవలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. ఈ సంస్థానంలోని ముస్లింలందరి తరఫునా మాట్లాడుతున్నది తామేనని వాళ్లు చెప్పుకునేవారు.  'ఇమ్రోజ్' దాన్ని ఒప్పుకోలేదు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని, ప్రజలెన్నుకున్న ప్రభుత్వం రావాలని షోయబుల్లా ఉర్దూలోనే, ముస్లింలు చదివే భాషలోనే రాశారు. 1948 జనవరిలో ఒక సంపాదకీయంలో, పగలు ఒక ప్రభుత్వం, రాత్రి రజాకార్ల ప్రభుత్వం నడుస్తున్నాయని నిలదీశారు. బెదిరింపులు వచ్చాయి. ఆయన రాయడం ఆపలేదు.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు కలిసి ఒక ప్రకటన విడుదల చేశారు. రజాకార్లను రద్దు చేయాలని, హైదరాబాద్ యూనియన్‌లో చేరాలని అందులో కోరారు. 'ఇమ్రోజ్' దాన్ని అచ్చు వేసింది. ముస్లింలందరిదీ ఒకే మాట కాదని ఆ ప్రకటనతో లోకానికి తెలిసింది. రజ్వీకి అదే మింగుడు పడలేదు. తమకు వ్యతిరేకంగా లేచే చేతుల్ని నరికేస్తామని ఆగస్టు 19న హైదరాబాద్‌లో జరిగిన సభలో బహిరంగంగానే హెచ్చరించాడు.

రెండు రోజులు గడిచాయి. ఆగస్టు 21 రాత్రి పొద్దుపోయాక షోయబుల్లా పని ముగించుకుని, బావమరిది ఇస్మాయిల్‌తో కలిసి కాచిగూడ దగ్గర ఇంటికి నడిచి వెళ్తున్నారు. దారి కాసి కాల్పులు జరిపారు. రాసే కుడి చేతిని కత్తితో నరికారు. అడ్డం వచ్చిన ఇస్మాయిల్ చేయి కూడా తెగింది. తెల్లారేలోపే షోయబుల్లా ప్రాణం పోయింది. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు. గోషామహల్‌లోని మాలకుంట ఖబరస్తాన్‌లో దఫన్ చేశారు.

నెల తిరక్కుండానే, సెప్టెంబర్‌లో పోలీస్ చర్య జరిగింది. రజాకార్ల పని అయిపోయింది. కానీ వాళ్లు చేసిన పాపానికి ఏమీ ఎరగని ముస్లింలు శిక్ష అనుభవించారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లే దెబ్బతిన్నాయి. కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ, చనిపోయిన వాళ్ల సంఖ్య 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటుందని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ముస్లిం అయితే చాలు రజాకారే అన్న ముద్ర ఎంత నష్టం చేయగలదో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇవాళ్టి వార్తల్లోనూ ఆ పద్ధతి పోలేదు. ఒకరు తప్పు చేస్తే అతని పేరు కంటే ముందు మతం వస్తుంది. టీవీ చర్చలో గట్టిగా అరిచే ఒక్కరిని కూర్చోబెట్టి, ముస్లింల అభిప్రాయం ఇదేనంటారు. దొరల భూదాహానికి ఎదురు నిలిచి ప్రాణాలిచ్చిన షేక్ బందగీ, సాయుధ పోరాటంలో నిలబడ్డ మఖ్దూం మొహియుద్దీన్, కలం వదలని షోయబుల్లా కూడా ముస్లింలే. రజాకార్ల గురించి రాసినప్పుడు వీళ్ల గురించి కూడా రాస్తేనే చరిత్ర పూర్తవుతుంది.

వేరేవాళ్లను అనే ముందు మన సంగతి కూడా చూసుకోవాలి. మన ఇళ్లలో ఎంతమంది పిల్లలకు షోయబుల్లా పేరు తెలుసు? మనవాళ్ల తప్పును మనవాళ్ల భాషలోనే ఎత్తిచూపినందుకు ఆయన ప్రాణం పోయింది. అలాంటి మనిషిని మనమే మరిచిపోతే, పత్రికలు గుర్తు చేయలేదని అడిగే హక్కు మనకెక్కడిది? ఆగస్టు 22 ఆయన వర్ధంతి. ఆ రోజు ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు ఆయన కథ ఒకసారి పిల్లలకు చెప్పండి.