దూరపు గొంతును దగ్గరకు తెచ్చిన గ్రాహంబెల్

శాంతిపురం: టెలిఫోన్ అన్న మాట తెలియని పల్లె నేడు ఈ ప్రాంతంలో లేదు. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఫోను అనే అంటుంది. కానీ ఆ మాటకు అర్థమేమిటో, ఆ యంత్రంతో లోకమంతా పేరు పొందిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఎలాంటి మనిషో తెలిసినవారు తక్కువ. గ్రీకు భాషలో టెలె అంటే దూరం, ఫోనే అంటే గొంతు. రెండూ కలిస్తే దూరపు గొంతు. దీనిని తమిళులు తొలైపేసి అని, కన్నడిగులు దూరవాణి అని తమ భాషల్లోకి తెచ్చుకున్నారు. తెలుగులోనూ దూరవాణి అని రాసే అలవాటు ఉంది. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే కుప్పం ప్రాంతంలో మాత్రం ఏ భాషవారి నోట విన్నా ఫోనే.

ఈ దూరపు గొంతు అన్న మాట బెల్ జీవితానికి చిత్రంగా సరిపోయింది. ఆయన కన్నతల్లికి చెవులు సరిగా వినపడేవి కావు. కట్టుకున్న భార్యకు బొత్తిగా వినపడేవి కావు. పక్కన కూర్చున్నవారి గొంతు కూడా దూరమైపోయిన మనుషుల మధ్య ఆయన బతికారు.

బెల్ 1847 మార్చి 3న స్కాట్లండ్ దేశంలోని ఎడిన్‌బరో పట్టణంలో జన్మించారు. తాత, తండ్రి ఇద్దరూ స్పష్టంగా మాట్లాడటం నేర్పే పంతుళ్లు. తాత పేరు, తండ్రి పేరు కూడా అలెగ్జాండరే కావడంతో పదకొండో ఏట ఈయన తన పేరులో గ్రాహం అని చేర్చుకున్నారు. ఏ భాషలోని ధ్వనినైనా నాలుక, పెదవులు కదిలే తీరును బట్టి గుర్తులతో రాసే ఒక లిపిని తండ్రి తయారుచేశారు. తల్లి ఎలిజాతో ఇంట్లో మిగతావారు చెవిలో గొట్టం పెట్టి గట్టిగా మాట్లాడేవారు. కొడుకు మాత్రం ఆమె నుదుటి దగ్గర నోరు పెట్టి మెల్లగా మాట్లాడేవాడు. ఆ అదురును బట్టి ఆమె మాట పట్టేది. ధ్వని అంటే అదురే అన్న సంగతి ఆయనకు బడిలో కంటే ముందు తల్లి దగ్గరే తెలిసిందనవచ్చు.

రైతులకు నచ్చే సంగతి మరొకటి ఉంది. పన్నెండేళ్ల వయసులో స్నేహితుడి తండ్రి నడిపే పిండి మిల్లులో గోధుమల పొట్టు తీయడానికి పడుతున్న అవస్థ చూసి, మేకుల బ్రష్షులతో తిరిగే ఒక యంత్రం చేసి ఇచ్చారు. బెల్ తొలి యంత్రం అదే.

ఆ కుటుంబాన్ని క్షయరోగం పట్టుకుంది. తమ్ముడు ఎడ్వర్డ్ 1867లో, అన్న మెల్‌విల్ 1870లో చనిపోయారు. మిగిలిన ఒక్క కొడుకునైనా దక్కించుకోవాలని తల్లిదండ్రులు అదే సంవత్సరం ఓడ ఎక్కి కెనడా దేశానికి వెళ్లి బ్రాంట్‌ఫర్డ్ దగ్గర ఇల్లు, పొలం కొన్నారు. అక్కడ కోలుకున్న బెల్ 1871లో అమెరికాలోని బోస్టన్ నగరానికి వెళ్లి చెవిటి పిల్లలకు మాటలు నేర్పే పంతులుగా చేరారు. ఆయన దగ్గర చదువుకోవడానికి వచ్చినవారిలో మేబెల్ హబ్బర్డ్ ఒకరు. అయిదేళ్ల ప్రాయంలో వచ్చిన విషజ్వరంతో ఆమె వినికిడి మొత్తం పోయింది. ఎదుటివారి పెదవులు చూసి మాట గ్రహించేది.

పగలు బడి, రాత్రి ప్రయోగాలు. అప్పటికే తీగల మీద టెలిగ్రాం నడుస్తోంది. ఒకే తీగ మీద ఒకేసారి అనేక టెలిగ్రాములు పంపడం ఎలాగన్నదే పెట్టుబడి పెట్టినవారి కోరిక. అందులో మేబెల్ తండ్రి కూడా ఒకరు. బెల్ మనసు మాత్రం మనిషి గొంతు మీద ఉంది. పనితనం గల యువకుడు థామస్ వాట్సన్ ఆయనకు తోడయ్యాడు.

అగ్గిపెట్టెలకు దారం కట్టి పిల్లలు ఆడే ఆటలో దారం అదురును మోస్తుంది. దారం లాగి పట్టినంత దూరమే ఆ ఆట. బెల్ దారానికి బదులు కరెంటును పెట్టారు. మాట్లాడితే గాలి అదురుతుంది. ఆ అదురుకు పలుచని పొర అదురుతుంది. పొర కదిలిన కొద్దీ తీగలో కరెంటు హెచ్చుతగ్గులవుతుంది. అవతలి కొసన అయస్కాంతం ఆ హెచ్చుతగ్గుల ప్రకారం మరో రేకును అదిరిస్తుంది. ఆ రేకే మాట్లాడినట్లు వినబడుతుంది. 1876 మార్చి 10న బోస్టన్‌లో పక్క గదిలో ఉన్న వాట్సన్‌ను బెల్ ఈ యంత్రంలోనే రమ్మని పిలిచారు. వాట్సన్ విని వచ్చాడు. అంతకు మూడు రోజుల ముందే, మార్చి 7న, పేటెంటు మంజూరైంది. ఆ పేటెంటు పత్రం శీర్షికలో టెలిఫోన్ అన్న మాట లేదు. టెలిగ్రాఫును మెరుగుపరచడం అనే ఉంది.

అసలు టెలిఫోన్ అన్న మాట బెల్ పుట్టించింది కాదు. 1844లోనే ఒక ఇంగ్లీషు కెప్టెన్ ఓడలు మంచులో హెచ్చరికగా మోగించే బూరకు ఆ పేరు పెట్టాడు. జర్మనీలో ఫిలిప్ రైస్ అనే బడిపంతులు 1861లో తీగ మీద ధ్వని పంపే యంత్రం చేసి దానికీ ఇదే పేరు పెట్టాడు. పాటల వరుసలు బాగా వెళ్లినా మాటలు స్పష్టంగా వెళ్లలేదు. రైస్ 1874లో పేరు రాకుండానే పోయాడు. బెల్ దరఖాస్తు వేసిన 1876 ఫిబ్రవరి 14నే ఎలైషా గ్రే అనే ఆయన కూడా ఇలాంటి యంత్రం గురించి కాగితాలు దాఖలు చేశారు. దీనిపై వందల కేసులు నడిచాయి. 1888లో అమెరికా సుప్రీంకోర్టు బెల్ పక్షాన తీర్పు చెప్పింది. అయినా ఆ వాదం నేటికీ తెగలేదు.

మన సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువు 1852లో అచ్చయ్యే నాటికి ఈ యంత్రమే లేదు. మాట తెలుగు నేలకు తర్వాతే వచ్చింది. 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు ప్రారంభమయ్యాయి. నాడు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోనిదే. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో.

ఫోను ఎత్తగానే హలో అనడం కూడా బెల్ నేర్పింది కాదు. ఆయన ఓడల వాళ్లు కేకేసుకునే అహోయ్ అన్న పిలుపునే ఇష్టపడ్డారు. హలోను ప్రచారం చేసింది ఎడిసన్. మనవాళ్లు ఈ పరాయి మాటకు ఇంటి క్రియలు తగిలించారు. ఫోను చేయడం, ఫోను కొట్టడం, ఫోను ఎత్తడం, ఫోను పెట్టేయడం. ట్రంకాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకున్న రోజులు పోయాయి. ఎత్తడానికి, పెట్టడానికి రిసీవరు లేని సెల్‌ఫోనులోనూ ఎత్తడం, పెట్టేయడం అలాగే నిలిచిపోయాయి. బెంగళూరుకు కూలికి పోయిన కొడుకు ఫోను ఎత్తలేదంటే తల్లికి అన్నం సహించదు.

1877 జులై 11న బెల్, మేబెల్ పెళ్లి జరిగింది. కంపెనీలో తన వాటాల్లో పది మాత్రం ఉంచుకొని మిగిలినవన్నీ బెల్ భార్యకు పెళ్లి కానుకగా రాసిచ్చారు. టెలిఫోన్ మీద వచ్చిన సంపద ఆమెదైంది. ఆ యంత్రంలో ఒక్క మాట కూడా ఆమె వినలేకపోయింది. బెల్ కూడా తాను పనిచేసుకునే గదిలో టెలిఫోన్ పెట్టనివ్వలేదు. ఆలోచనకు అడ్డమని ఆయన భయం. నేటి ఇళ్లను చూస్తే ఆ భయం ఉత్తది కాదనిపిస్తుంది.

ఆయనలో తప్పు లేదనడానికి వీల్లేదు. చెవిటివారికి సైగల భాష వద్దని, నోటి మాటే నేర్పాలని పట్టుబట్టారు. చెవిటివారు చెవిటివారినే పెళ్లాడితే ఆ లోపం తరతరాలకు పాకుతుందని 1883లో పెద్ద వ్యాసం చదివారు. తమ భాషను తమకు దూరం చేశాడని బధిరులు నేటికీ ఆయన్ను తప్పుపడతారు. అందులో న్యాయం ఉంది. అలాగే చూపు, వినికిడి రెండూ లేని ఆరేళ్ల హెలెన్ కెల్లర్‌కు చదువుల దారి చూపినదీ ఆయనే. ఆమె తన ఆత్మకథను బెల్‌కే అంకితమిచ్చారు.

కెనడాలోని బాడెక్ ఊరి దగ్గర కొండ మీద ఇల్లు కట్టుకొని, ఒక ఈతలో రెండు పిల్లలు వేసే గొర్రెల జాతి కోసం ఏళ్ల తరబడి మందను పెంచి, లెక్కలు రాసుకున్నారు. విమానాలు, నీటి మీద తేలి పరుగెత్తే పడవలు కూడా చేయించారు.

మధుమేహం ముదిరి 1922 ఆగస్టు 2న అక్కడే కన్నుమూశారు. చివరి ఘడియల్లో మేబెల్ పక్కనే ఉంది. ఆగస్టు 4న అంత్యక్రియల వేళ అమెరికా, కెనడాల్లో టెలిఫోన్లన్నిటినీ ఒక నిమిషం పాటు ఆపారు. అయిదు నెలల తర్వాత, 1923 జనవరి 3న, మేబెల్ కూడా మరణించారు. ఇద్దరి సమాధి ఆ కొండ మీదే ఉంది.