చీపురు పట్టి చదువు గడించిన బుకర్ వాషింగ్టన్

ఏటేట మన పాఠశాలలో తుదిపరీక్ష ముగియగానే, జయమందిన విద్యార్థులలో సైతము కొందఱి ముఖములందు విచారము కానవచ్చుచుండును. పైచదువునకు జీతము కట్టువా రెవ్వరు, పట్టణమున భోజనము మాట యేమి అనునదియే వారి చింత. అట్టివారి కొఱకు మేము అమెరికా దేశీయుడగు బుకర్ టి. వాషింగ్టన్ గారి విద్యార్థిదశను గూర్చి వ్రాయ సంకల్పించితిమి. ఆయన కీర్తిని పలువు రెఱుగుదురు. ఆయన చదువునకు సొమ్ము ఏయే మార్గముల సమకూడినదో యెఱిగినవారు కొలదిమంది.

ఆయన 1856వ సంవత్సర ప్రాంతమున వర్జీనియా రాష్ట్రములో బానిసగా జన్మించెను. 1865లో బానిసలకు విముక్తి కలుగగా, తల్లి బిడ్డలతో పశ్చిమ వర్జీనియాలోని మాల్డెను గ్రామమునకు చేరెను. అచట బాలుడు ఉప్పుబట్టీలలోను, పిమ్మట బొగ్గుగనిలోను పని చేసెను. ఒకనాడు గనిలో ఇద్దఱు కూలీలు మాటలాడుకొనుచుండగా విని, నల్లజాతి బీదవిద్యార్థులు పనిచేసి తమ భోజనవ్యయము తీర్చుకొనదగిన విద్యాలయ మొకటి గలదని తెలిసికొనెను. అది ఆర్మ్‌స్ట్రాంగ్ సేనాని 1868లో హాంప్టను పట్టణమున స్థాపించిన ఉపాధ్యాయ శిక్షణాలయము.

అటుపిమ్మట బుకర్ గనిపని మాని, రఫ్నర్ అను దొరసాని యింట నెలకు 5 డాలర్ల జీతమునకు కుదిరెను. ఆమె దుమ్ము కంటబడిన సహింపదు. పనివాండ్రు పలువు రామెయొద్ద నిలువలేకపోయిరి, ఇతడు నిలిచెను.

1872లో అతడు హాంప్టనుకు బయలుదేరెను. అన్న జాన్ తనకు చేతనైనంత యిచ్చెను. బానిసత్వముననే వయసు గడచిన వృద్ధులు, ఒకరు ఐదు సెంట్లు, ఒకరు పావుడాలరు, మఱియొకరు చేతిరుమాలు తెచ్చి యిచ్చిరి. దారి సుమారు 500 మైళ్లు. కొంత బండిమీదను కొంత నడచియు రిచ్మండు నగరము చేరునప్పటికి చేత కాసు లేదు. రాత్రి కాలిబాటకు పఱచిన పలకల క్రింద దూరి పండుకొనెను. మఱునాడు రేవులో ఓడనుండి ఇనుము దింపి కడుపు నింపుకొనెను. కొన్నినాళ్లు ఆ పనియే చేయుచు, సొమ్ము మిగుల్చుటకై రాత్రులు ఆ పలకల క్రిందనే గడపెను. హాంప్టను చేరునప్పటికి మిగిలినది 50 సెంట్లు.

మాసిన బట్టలతోనున్న బాలుని చేర్చుకొనుటకు ప్రధానోపాధ్యాయిని మాకీ గారు వెంటనే సమ్మతింపలేదు. కొన్ని గంటల పిదప ఒక తరగతిగదిని ఊడ్వుమని చెప్పిరి. అతడు మూడుమారులు ఊడ్చి, నాలుగుమారులు తుడిచెను. ఆమె తన రుమాలుతో గోడలను బల్లలను రుద్ది చూడగా దుమ్ము అంటలేదు. అదియే అతని ప్రవేశపరీక్ష. భవనములను శుభ్రపఱచు పనియు లభించెను.

ఇక లెక్క చూతము. భోజనవసతులకు నెలకు 10 డాలర్లు. ఇందు చాలవఱకు పనిచేసి తీర్చుకొనెను. అందుకై తెల్లవారుజామున నాలుగింటికే లేచి నిప్పు రాజవేయవలసియుండెను. బడిజీతము ఏటికి 70 డాలర్లు. ఇది అతని శక్తికి మించినది. ఆర్మ్‌స్ట్రాంగ్ గారు న్యూబెడ్ఫర్డు పట్టణవాసియగు మోర్గన్ అను దాత నొప్పించి ఆ జీతము కట్టించిరి. పుస్తకములు తోటివారియొద్ద ఎరువు తెచ్చుకొనెను. బట్టలు ఉత్తరరాష్ట్రముల దాతలు పీపాలలో పంపినవి. ఇంత చేసినను ఏడాది చివర 16 డాలర్ల అప్పు నిలిచెను. సెలవులలో ఒక భోజనశాలలో పనిచేసెను గాని, వచ్చినది పొట్టకే సరిపోయెను. వట్టిచేతులతో కోశాధికారి మార్షల్ గారి కడకు పోయి నిజము విన్నవించెను. వారు అతనిని నమ్మి, వీలైనప్పుడు తీర్చవచ్చునని చేర్చుకొనిరి. 1875లో విద్య ముగిసెను.

పొందినదానిని బుకర్ మఱువలేదు. మాల్డెనులో ఉపాధ్యాయుడై, తనకొఱకు గనిలో శ్రమించిన అన్నను హాంప్టనుకు పంపి చదివించెను. 1879లో హాంప్టనుకు మరల వచ్చి, భోజనవ్యయములో కొంతయైనను కట్టలేని నిరుపేదలకై యేర్పడిన రాత్రితరగతిని నడిపెను. వారు పగలు పదిగంటలు పనిచేసి, రాత్రి రెండుగంటలు చదువుదురు. వారి కూలిలో కొంత కోశమున నిలువయుండి, పగటితరగతిలో చేరిన పిమ్మట భోజనవ్యయమునకు చెల్లును. 1881లో ఆయన టస్కీగీ విద్యాలయమునకు అధ్యక్షుడై, అచటను ఈ పద్ధతినే నెలకొల్పి, 1915లో మరణించువఱకు దానిని పోషించెను.

ఈ చరిత్రమున మేము గమనించిన దొకటి గలదు. ఇంతటి శ్రమజీవికి సైతము శ్రమ యొక్కటియే చాలలేదు. సోదరుని త్యాగము, వృద్ధుల సెంట్లు, దాత ధర్మము, కోశాధికారి విశ్వాసము కూడివచ్చినప్పుడే ఆ లెక్క సరిపడినది. కావున విద్యార్థులారా, పనికి సిగ్గుపడకుడు. సాయ మడుగుటకును సిగ్గుపడకుడు. అప్పున్నచో దాచక చెప్పుడు. కలిగిన పెద్దలకును మా విన్నప మొకటి: మోర్గన్ గారివలె 70 డాలర్లు ఈయలేనివారు, మాల్డెను వృద్ధులవలె పావుడాలరైనను ఈయవచ్చును.