పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్

పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ (మే 3, 1929 - డిసెంబర్ 20, 2014) స్వీడన్ దేశానికి చెందిన వైద్యుడు, శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్యుడు. దవడ ఎముకలో టైటానియం మరను నాటి, దానిపై కృత్రిమ దంతాన్ని నిలిపే ఆధునిక చికిత్సకు ఈయనను ఆద్యునిగా పరిగణిస్తారు.

ఆవిష్కరణ

బ్రోనెమార్క్ కార్ల్స్‌హామ్న్ పట్టణంలో జన్మించి, లుండ్ విశ్వవిద్యాలయంలో విద్యాభ్యాసం చేశాడు. ఈయన దంతవైద్యుడు కాడు. ఎముకలోని రక్తప్రసరణ ఈయన పరిశోధనాంశం. 1950వ దశకంలో కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన పరికరాన్ని అమర్చి, దాని ద్వారా సూక్ష్మదర్శినితో పరిశీలించేవాడు. పని ముగిసిన పిదప దానిని తీయబోగా ఊడి రాలేదు. ఎముక ఆ లోహాన్ని అంటిపెట్టుకొని పెరిగింది. ఈ కలయికకే తరువాత ఆసియోఇంటిగ్రేషన్ అని పేరు పెట్టాడు.

దీర్ఘకాల పరీక్ష

1965లో గోథెన్‌బర్గ్‌లో తొలి రోగి కింది దవడలో మరలు నాటాడు. అవి ఆ రోగి 2006లో మరణించేవరకు, అనగా నలభై ఏళ్ళకు పైగా, నిలిచాయి.

అయినను దంతవైద్యులు చాలాకాలం నమ్మలేదు. అందుకు కారణం లేకపోలేదు. అంతకుముందు వాడిన లోహపు దంతమూలాల చుట్టూ ఎముకకు బదులు మెత్తని పీచు కణజాలం ఏర్పడి అవి వదులయ్యేవి. బ్రోనెమార్క్ మరను నాటిన తరువాత మూడు నుండి ఆరు నెలలు చిగురు కింద కదలక ఉంచి, ఆపైననే దంతం అమర్చేవాడు. ఈయన బృందం 1977లో పదేళ్ళ ఫలితాలను, 1981లో పదిహేనేళ్ళ ఫలితాలను ప్రకటించింది. 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సదస్సుతో ఉత్తర అమెరికా వైద్యులు ఈ పద్ధతిని అంగీకరించసాగారు. 1986లో ఈయన సహచరుడు థామస్ ఆల్బ్రెక్ట్‌సన్ తదితరులు ఒక కొలమానం ప్రతిపాదించారు: మొదటి ఏడాది తరువాత మర చుట్టూ ఎముక ఏటా 0.2 మి.మీ. కంటే తక్కువగానే తరగాలి.

ఉపరితలం

బ్రోనెమార్క్ తొలి మరలు యంత్రంపై మలచిన, దాదాపు నునుపైనవి. 1970వ దశకంలో స్విట్జర్లాండులో ఆండ్రే ష్రోడర్ టైటానియం పూతతో గరుకు ఉపరితలాన్ని ప్రయోగించాడు. అటుపై ఇసుక వంటి రేణువులను చిమ్మి, ఆమ్లంతో కొరికించే పద్ధతి వచ్చింది. గరుకు ఉపరితలాన్ని ఎముక త్వరగా పట్టుకుంటుంది కనుక నిరీక్షణ కాలం తగ్గింది. కానీ ఎముక తరిగి ఆ భాగం బయటపడితే దానిపై సూక్ష్మజీవుల పాచి సులువుగా పేరుకుంటుంది. అందువలన ఎముక పదికాలాలు నిలవడానికి ఉపరితలం ఒక్కటే చాలదు; నోటి శుభ్రత, పొగ తాగకపోవడం కూడా అవసరమే.

ఇతర ఉపయోగాలు

ఇదే సూత్రంతో 1977లో చెవి వెనుక ఎముకకు వినికిడి యంత్రాన్ని, 1990లో తొడ ఎముకకు కృత్రిమ కాలును అమర్చారు. 2011లో ఈయనకు యూరోపియన్ ఇన్వెంటర్ అవార్డు (జీవన సాఫల్య విభాగం) లభించింది. ఈయన గోథెన్‌బర్గ్‌లో మరణించాడు.