మేఘనాదుని కవి మైకేల్ మధుసూదన దత్తు

కలకత్తాలోని ఖిదిర్‌పూర్ పేరు వినగానే తెలుగువారికి ఓడరేవు స్మరణకు వచ్చును. 1892లో ఆ రేవు ఏర్పడుటకు ఎంతో పూర్వమే ఆ పేట కవులకు నిలయమై యుండెను. రంగలాల్ బందోపాధ్యాయుడు, హేమచంద్ర బందోపాధ్యాయుడు అచ్చట నివసించిరి. వంగ సాహిత్యమున నూతన యుగమునకు ద్వారములు తెఱచిన మైకేల్ మధుసూదన దత్తు బాల్యము గడచినదియు అచ్చటనే. నేటికిని అందలి యొక వీధి ఆతని పేర పిలువబడుచున్నది. ఈ మహాకవి కొంతకాలము శ్రద్ధతో తెలుగు నేర్చెనన్న సంగతి మాత్రము తెలుగువారిలో పలువు రెఱుగరు.

మధుసూదనుడు 1824 జనవరి 25వ తేదీన జెస్సోరు జిల్లాలోని సాగరదాడి గ్రామమున, కపోతాక్ష నదీతీరమున జన్మించెను. ఆ గ్రామము నేడు బంగ్లాదేశమున నున్నది. తండ్రి రాజనారాయణ దత్తు కలకత్తా సదర్ దివానీ అదాలతులో పేరుపొందిన న్యాయవాది. ఖిదిర్‌పూర్‌లో ఇల్లు కట్టుకొని కుటుంబమును అచ్చటికి తరలించెను. తల్లి జాహ్నవీదేవి. కృత్తివాసుని రామాయణము, కాశీరామదాసుని భారతము ఆ బాలుడు ఉగ్గుపాలతో పాటు గ్రహించెను.

హిందూ కళాశాలలో చేరిన పిమ్మట ఆతని మనస్సు పూర్తిగా ఆంగ్లకవిత్వమున లగ్నమయ్యెను. ఇంగ్లండునకు పోయి ఆంగ్లకవిగా కీర్తి గడింపవలెనన్నదే ఆతని ఏకైక వాంఛ. ఇంతలో తండ్రి వివాహము నిశ్చయించెను. మధుసూదనుడు దానికి సమ్మతింపక, 1843 ఫిబ్రవరి 9న క్రైస్తవమతము స్వీకరించి, ఖిదిర్‌పూర్ ఇంటికి పరాయివాడయ్యెను. పిదప బిషప్స్ కళాశాలలో గ్రీకు, లాటిను, సంస్కృతము లభ్యసించెను. కొన్ని వత్సరములు తండ్రి ధనసహాయము చేసెను. అదియు నిలిచిపోగా, 1847 చివర ఆతడు మద్రాసునకు ఓడ నెక్కెను.

మద్రాసులో అనాథ బాలుర పాఠశాలలో ఉపాధ్యాయుడై, 1848లో రెబెకా అను యువతిని వివాహమాడెను. 1849లో పృథ్వీరాజ సంయుక్తల గాథను ఆంగ్లమున క్యాప్టివ్ లేడీ యను కావ్యముగా ప్రకటించెను. ఆ యేడు బాల్యమిత్రుడు గౌరదాస్ బసాక్‌కు వ్రాసిన లేఖలో తన దినచర్యను వివరించెను. ఉదయము హీబ్రూ, పిదప పాఠశాల, మధ్యాహ్నము గ్రీకు, రెండు గంటలు మొదలు అయిదు వఱకు తెలుగు, సంస్కృతము, సాయంకాలము లాటిను, రాత్రి ఆంగ్లము. ఈ శ్రమయంతయు పితృభాషను అలంకరించుటకే యని ఆతని ఆశయము. అయినను ఆ పితృభాషనే తాను వేగముగా మఱచిపోవుచుంటినని వాపోయి, శ్రీరాంపురమున ముద్రితమైన వంగ రామాయణ భారతములను పంపుమని మిత్రుని వేడెను. చిన్ననాడు తల్లి యొద్ద వినిన కథలను ఇరువదియైదేండ్ల యువకుడు పరదేశమున పుస్తకముగా తెప్పించుకొనవలసి వచ్చెను!

క్యాప్టివ్ లేడీని చదివిన బెథూన్ దొర ఆతడు స్వభాషలో వ్రాయుట మేలని హితవు పలికెను. అది ఫలించుటకు కాలము పట్టెను. 1851లో తల్లియు, 1855లో తండ్రియు గతించిరి. ఆస్తిని బంధువులు ఆక్రమించిరి. 1856లో మధుసూదనుడు కలకత్తాకు మఱలివచ్చెను. రెబెకాయు నలుగురు బిడ్డలును మద్రాసుననే నిలిచిపోయిరి. ఆతడు వారియొద్దకు తిరిగి పోలేదు. అనంతరము హెన్రియెట్టా ఆతని జీవిత సహచరి యయ్యెను.

పోలీసు కోర్టులో చిన్న ఉద్యోగము చేయుచు, 1858లో రత్నావళి నాటకమును ఆంగ్లీకరించెను. ఆ పని చేయుచుండగా వంగభాషలో మంచి నాటకములు లేని కొఱత ఆతనికి గోచరించెను. భారతకథ నాధారముగా గొని 1859లో శర్మిష్ఠను రచించెను. ప్రాసాంత నియమమును వీడి, పాదమునుండి పాదమునకు ప్రవహించు అమిత్రాక్షర ఛందమున 1860లో తిలోత్తమా సంభవమును వెలయించెను. 1861లో వెలువడిన మేఘనాదవధ కావ్యము ఆతని కీర్తికి శిఖరము.

తొమ్మిది సర్గల ఈ కావ్యమున కవి సానుభూతి లంకావాసుల పక్షమున నున్నది. రావణుడు పుత్రశోకముచే క్రుంగిన తండ్రి. ఇంద్రజిత్తు దేశమునకై పోరాడు వీరుడు. నికుంభిలా యాగశాలలో నిరాయుధుడై యున్నవేళ లక్ష్మణునిచే హతుడగును. తెలుగువారు సులోచనగా నెఱిగిన ఇంద్రజిత్తు భార్యకు కవి ప్రమీల యని పేరిడి, స్త్రీసైన్యముతో లంకాప్రవేశము చేయించెను. అర్జును నెదిరించిన స్త్రీరాజ్యపు ప్రమీల ఇచ్చట స్ఫురణకు రాక మానదు. చివరి సర్గలో ఆమె భర్తచితి నారోహించును. రాముని పాతాళయాత్రలో వర్జిలు, దాంతేల ఛాయ లున్నవి; అంత్యక్రియలలో హోమరు చూపిన హెక్టరు చితి జ్ఞాపకమునకు వచ్చును. గ్రీకు, లాటిను భాషలలో గడించిన విద్యయంతయు తుదకు రామకథకే అక్కఱకు వచ్చెను. సంప్రదాయజ్ఞులు కొందఱు కోపించిరి. పదునాఱేండ్ల రవీంద్రుడు సయితము 1877లో ఈ కావ్యమును కఠినముగా విమర్శించి, తరువాత పశ్చాత్తాపపడెను.

1862లో వీరాంగన వెలువడిన యేడే, ఖిదిర్‌పూర్ ఇంటిని విక్రయించి, బారిస్టరు విద్యకై ఇంగ్లండునకు పయనమయ్యెను. బాల్యపు కల నెరవేరినను అది సుఖము నీయలేదు. కలకత్తానుండి రావలసిన ధనము రాక, ఫ్రాన్సులోని వెర్సేల్ పట్టణమున భార్యాబిడ్డలతో పస్తులుండవలసి వచ్చెను. 1864లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ధనము పంపి ఆ కుటుంబమును కాపాడెను. ఆ దుర్దినములందే ఆతడు వంగభాషలో చతుర్దశపదులు వ్రాసెను. అవి 1866లో గ్రంథరూపము దాల్చెను. వాని వస్తువు లెవ్వి? కపోతాక్ష నది, కృత్తివాసుడు, కాశీరామదాసు, శ్రీపంచమి, విజయదశమి! మతము మార్చుకొని, ఇల్లు విడిచి, సముద్రములు దాటిన వానికి ఆకలివేళ తోడు నిలిచినవి తల్లి చెప్పిన కథలును, ఊరి పండుగలును.

1867లో స్వదేశమునకు వచ్చి కలకత్తా హైకోర్టులో న్యాయవాది యయ్యెను. మితిమీరిన వ్యయము, మద్యపానము, అప్పులు ఆతని ఆరోగ్యమును హరించెను. 1873 జూన్ 26న హెన్రియెట్టా మరణించెను. మూడు దినముల పిమ్మట, జూన్ 29న, ఆలిపూర్ ఆసుపత్రిలో మధుసూదనుడు కన్నుమూసెను. అప్పటి కాతని వయస్సు నలువదితొమ్మిదేండ్లు.

లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానవాటికలో ఆతని సమాధి కలదు. దానిపై చెక్కిన పద్యము ఆతడు స్వయముగా రచించుకొన్నది. బాటసారిని క్షణకాలము నిలువుమని కోరి, అందాతడు తన పరిచయము చెప్పుకొనెను. తాను గడించిన బిరుదములుగాని, నేర్చిన భాషలుగాని అందు లేవు. సాగరదాడి, కపోతాక్ష నది, తండ్రి రాజనారాయణుడు, తల్లి జాహ్నవి — ఈ పేళ్ళు మాత్రమే కలవు.