కాటన్ దొర: రెండు పనులు, రెండు తీర్పులు

కర్నూలు నగరంలో హంద్రీ నదిని దాటిపోయే కాలువను చూడనివారు మా విద్యార్థులలో ఉండరు. క్రింద ఏరు, పైన కాలువ. వానలు వెనుకబడిన నాళ్లలో ఏటిలో ఇసుక మెరుస్తుండగా, దాని మీదుగా తుంగభద్ర నీరు నంద్యాల వైపు, కడప వైపు సాగిపోతుంది. ఈ కాలువను డచ్చి కంపెనీ వారు తవ్వించారని మన ప్రాంతంలో ఒక వాడుక ఉన్నది. అది పొరపాటు. తవ్వించినది లండనులో వాటాలు సేకరించిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఆ కంపెనీ పుట్టుకకు ప్రేరణగా నిలిచిన మహనీయుడు సర్ ఆర్థర్ కాటన్.

గోదావరి మండలాల ప్రజలు కాటన్ దొరను దైవసమానునిగా తలచుకొంటారు. మన కర్నూలు, కడప మండలాల కాలువ విషయంలో ఆనాటి ప్రభుత్వ పత్రాలు వ్రాసిన తీర్పు అందుకు పూర్తిగా విరుద్ధమైనది. అక్కడ ఘనవిజయం, ఇక్కడ నష్టపు వ్యాపారం. ఆలోచన ఒకే మనిషిది. తీర్పులు మాత్రం రెండు. ఇట్లా ఎందుకు జరిగినదో తెలుసుకొనుటకే ఆయన జీవితమును ఇక్కడ సంగ్రహంగా స్మరిస్తున్నాము.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పెద్ద కుటుంబంలో జన్మించాడు. ఈస్టిండియా కంపెనీ వారి అడిస్‌కోంబ్ సైనిక విద్యాలయంలో చదివి, పదహారేండ్ల ప్రాయంలోనే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. 1821లో మన దేశమునకు వచ్చాడు. మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. అయితే ఆయన పేరు నిలిచినది యుద్ధభూమిలో కాదు, నదీగర్భంలో. తంజావూరు సీమలో కొల్లిడం నదిపై 1836 ప్రాంతంలో ఆనకట్టలు కట్టి, ఎండిపోతున్న కావేరి డెల్టాకు ప్రాణం పోశాడు. ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా ప్రాంతాలకు వెళ్లి, అక్కడ 1841లో వివాహం చేసుకొని తిరిగి వచ్చాడు.

ఆ తరువాత ఆయన చూపు గోదావరి మీద పడింది. 1833 నాటి కరువు, 1839 నాటి ఉప్పెన ఆ సీమను కుంగదీశాయి. ఏటేట కోట్ల ఘనపు గజాల నీరు సముద్రం పాలవుతుండగా ఒడ్డున మనుషులు ఆకలితో మరణించడం ఆయనకు సహింపరాని విషయమైనది. కొలతలు తీసి, నివేదికలు వ్రాసి, పై అధికారులతో వాదించి అనుమతి సాధించాడు. 1847లో ధవళేశ్వరం పని ఆరంభమై 1852 నాటికి పూర్తయినది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అను నాలుగు భాగాలుగా నది పాయలకు అడ్డంగా నిలిచిన ఆ ఆనకట్ట నేటి తరముల అన్నదాత.

ఇక్కడ గమనింపవలసిన విషయం ఒకటున్నది. గోదావరి పనిని ప్రభుత్వమే స్వయంగా చేయించింది. కట్టినవాడు ఆ పనిచోటనే ఉన్నాడు. ఏ రాయి ఎక్కడ పడినదో, ఏ కూలీకి ఏమి ముట్టినదో దగ్గరుండి చూచినవాడే లెక్క వ్రాయించాడు. వరదకు ఒకచోట కట్ట తెగితే ఆ సంగతి దాచవలసిన అవసరం ఆయనకు లేకపోయినది. పై వారికి అదనపు వ్యయం రుచించకపోయినా, పని యొక్క నిజస్థితి మాత్రం వారికి తెలుస్తూనే ఉన్నది.

తుంగభద్ర విషయంలో మార్గం మారింది. 1857 తిరుగుబాటు తరువాత ప్రభుత్వ ఖజానా బరువెక్కింది. రైలు మార్గాలకు వలెనే కాలువలకు కూడ ప్రైవేటు కంపెనీల సొమ్ము తేవచ్చునని కాటన్ ఉద్బోధించాడు. ఆయన ఊహ మహత్తరమైనది. హోస్పేట దగ్గర తుంగభద్రపై జలాశయం, సుంకేశుల దగ్గర ఆనకట్ట, అక్కడినుండి కర్నూలు, కడపల మీదుగా పెన్నను కలిసి సముద్రతీరం దాకా పడవలు నడిచే కాలువ. నీరు పొలానికి, పడవ సరుకుకు. 1863లో కంపెనీకి, ప్రభుత్వానికి ఒడంబడిక కుదిరింది. పది లక్షల పౌన్ల మూలధనంపై ఏటా నూటికి అయిదు వంతున వడ్డీకి ప్రభుత్వం హామీ పడింది.

ఈ హామీలోనే చిక్కు అంతా దాగి ఉన్నది. కాలువకు ఆదాయం వచ్చినా రాకపోయినా వాటాదారునికి అయిదు రూకలు తప్పవు. పని జాప్యమైతే అతనికి నష్టం లేదు. వ్యయం పెరిగితే అతనికి దిగులు లేదు. నష్టం వస్తే భరించవలసినది ప్రభుత్వం, అనగా పన్ను కట్టే రైతు. అంచనాలను ఆమోదించుటకు, లెక్కలు చూచుటకు ప్రభుత్వమునకు అధికారం లేకపోలేదు. కాని తప్పు కనిపెట్టినంత మాత్రాన కంపెనీకి దక్కే సొమ్ము తగ్గదు. ఎట్టి మార్కులు వచ్చినా పై తరగతికి పోవుట నిశ్చయమని ముందే తెలిసిన విద్యార్థి పరీక్షకు ఎట్లు చదువుతాడో మా పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

సుంకేశుల నుండి కడప దాకా సుమారు 190 మైళ్ల కాలువ మాత్రమే 1870 ప్రాంతానికి సిద్ధమైనది. అంతకు చాల ముందుగానే, 1866 నాటికి, హామీ మూలధనం కరగిపోయి ప్రభుత్వం మరల సొమ్ము సమకూర్చవలసి వచ్చింది. దారిలో వాగులు, వంకలు, రాతినేల. ఎగువ జలాశయం కట్టనే లేదు. నదిలో నీరున్నప్పుడే కాలువలో నీరు. కాలువ సముద్రం చేరలేదు గనుక పడవల వ్యాపారము కూడ అనుకొన్నట్లు సాగలేదు. అన్నింటికి మించి, నల్లరేగడిలో జొన్న, పత్తి పండించుకొనే మన రైతు వాన బాగున్న ఏట కాలువ నీటిని కోరలేదు. నీటితీరువా అతనికి భారం. రేగడి నేల ఎక్కువ తడిసితే చెడుతుందని అతని భయం. ఈ రైతును ముందుగా అడిగిన వారు లేరు. అంచనాలో ప్రతి ఎకరము నీరు తీసుకొంటుందనియే లెక్క కట్టారు.

కాటన్‌ను ఇందుకు పూర్తిగా బాధ్యుని చేయుట న్యాయం కాదు. ఆయన 1860లో ఉద్యోగ విరమణ చేశాడు. 1861లో సర్ బిరుదు పొందాడు. తవ్వకం దగ్గరుండి నడిపించినది ఆయన కాదు. అయినా ఆశ మీద కట్టిన అంచనా ఆయనదే. గొప్పవారి లోపాలను కప్పిపుచ్చుట వారికి గౌరవం కాదు. నీటి మీది ప్రేమ ఆయన చేత ఖర్చును తక్కువగాను, ఫలమును ఎక్కువగాను చూపించింది.

అంతలో ధాత నామ సంవత్సరపు మహాకరువు వచ్చిపడింది. 1876 నుండి 1878 దాకా దక్షిణ దేశమంతట లక్షలాది ప్రాణులు రాలిపోయాయి. కర్నూలు మండలం తీవ్రంగా దెబ్బతిన్నది. నీరు వద్దన్న రైతులే అప్పుడు కాలువ గట్టుకు వచ్చారు. కాలువ అందిన మేర పైరు నిలిచింది. 1878లో లండను పార్లమెంటు ఉపసంఘం ఎదుట డెబ్బదియైదేండ్ల కాటన్ నిలిచి నీటి పనుల పక్షాన వాదించాడు. రైలు కన్న కాలువ మేలని ఆయన పట్టు. సభ్యులు ఆయన మాటను అంగీకరించలేదు. వారి చేతిలోని కొలబద్ద ఒకటే: పెట్టిన సొమ్ముకు వచ్చిన వడ్డీ ఎంత? ఆ కొలతకు మన కాలువ ఓడిపోయినది. 1882లో ప్రభుత్వం కంపెనీ ఆస్తిని కొని కాలువను స్వాధీనం చేసుకొన్నది. హామీ లేని ఒరిస్సా కంపెనీ పనులను అంతకు ముందు 1868లోనే కొనవలసి వచ్చింది.

అయితే కరువు ఆ కొలబద్దనే మార్చింది. 1880 నాటి కరువు కమిషను తరువాత వడ్డీ తెచ్చే పనులు, కరువునుండి కాపాడే పనులు అని రెండు తెగలుగా నీటి పనులను లెక్కించే పద్ధతి స్థిరపడింది. ప్రాణం నిలిపిన పనిని వడ్డీతో మాత్రమే తూచరాదని ప్రభుత్వం ఆలస్యంగానైనా గ్రహించింది.

కాటన్ చివరి రోజులు డార్కింగ్ అను ఊరిలో గడిచాయి. అక్కడ కూడ ఊరక కూర్చొనక, లోతుగా దున్ని గోధుమ దిగుబడి పెంచే ప్రయోగాలు చేశాడు. 1899 జులైలో తొంబదియారేండ్ల వయస్సులో కన్నుమూశాడు. ఆయన కలగన్న తుంగభద్ర జలాశయం 1953లో నిలిచింది. మన కాలువలో పడవలు ఆగిపోయినవి గాని నీరు ఆగలేదు. బచావత్ ట్రిబ్యునల్ 39.9 టి.ఎం.సి. నీటిని దీనికి కేటాయించింది. నేడు సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు దీనిది. నష్టపు వ్యాపారమని పత్రాలు వ్రాసిన పని నూటయేబది ఏండ్లకు పైగా అన్నం పెడుతున్నది.

కనుక ఆ తీర్పు తప్పని అనవచ్చునా? పూర్తిగా అనలేము. కాలువ మంచిది, కంపెనీ నడిపిన తీరు మంచిది కాదు. ఈ రెంటిని వేరు చేసి వ్రాయకపోవుటే ఆనాటి పత్రాల లోపం. పని విలువ ఒకటి, పనివాని నడవడి మరొకటి.

మేము చిన్ననాట చూచిన ఒక పల్లె చెరువు తూము ఈ సందర్భంలో గుర్తుకు వస్తున్నది. కట్టిన మరుసటి వానకే అది కూలింది. చెరువు క్రింది మళ్లు ఆ ఏడు ఎండిపోయాయి. కాని పని తృప్తికరముగా ముగిసినదన్న కాగితం అప్పటికే దస్త్రంలో చేరిపోయింది. ఆ కాగితమే చూపి ఆ కంట్రాక్టరు మరొక ఊరిలో మరొక తూము పొందాడు. ఆ కాగితం మీద సంతకం చేసినవారు తూము చూడలేదు. చూచిన రైతులను ఎవరూ అడగలేదు.

నేడు పద్ధతులు ఎన్నో వచ్చాయి. కొలతల పుస్తకం ఉన్నది, ధరావతు ఉన్నది, లోపాలు బయటపడితే సొంత ఖర్చుతో సరిచేయవలసిన గడువు ఉన్నది, నల్లజాబితా ఉన్నది. ఇవన్నియు మంచివే. కాని కొలతల పుస్తకంలో అంకె వేసే చేయి పనిచోటికి వెళ్లినప్పుడే వాటికి ప్రాణం. పని సాగుతుండగా వ్రాసినది సాక్ష్యం. పని ముగిసిన తరువాత గదిలో కూర్చొని వ్రాసినది మర్యాద మాత్రమే. మంచి కంట్రాక్టరుకు కూడ నిజమైన లెక్క మేలే చేస్తుంది. చెడ్డవానితో సమానముగా తృప్తికరమని వ్రాయించుకొనుట అతనికి అవమానం.

మా విద్యార్థులలో రేపు ఇంజనీర్లు, గుమాస్తాలు, కంట్రాక్టర్లు కాదగినవారు అనేకులున్నారు. వారు హంద్రీ మీద కాలువను దాటునప్పుడు ఒక క్షణం నిలువవలెనని మా కోరిక. పైన పారే నీరు ఒక మహనీయుని ఊహ. క్రింద పొడి ఇసుక, లెక్క సరిగా వ్రాయనినాడు మన సీమకు మిగిలేది. ఏ పనికి సంతకం చేసినా ఆ రెంటిని కన్నులారా చూచి చేయుదురు గాక.