భూకంపమును ప్రశ్నించిన జాన్ మిల్న్

ఓర్పునకును నిలకడకును భూమినే ఉపమానముగా చెప్పుట మనకు పరిపాటి. ఆ భూమియే చలించినప్పుడు దానిపై నిలిపిన గోడ యేమగునన్న ప్రశ్నకు జీవితమును ధారపోసిన పండితుడు జాన్ మిల్న్.

ఆయన 1850లో ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమున జన్మించెను. గనుల శాస్త్రమును, భూగర్భ శాస్త్రమును అభ్యసించి, టోక్యోలోని ఇంజనీరింగు కళాశాలలో ఆచార్య పదవికై సైబీరియా, మంగోలియాల మీదుగా నెలల తరబడి ప్రయాణించి 1876లో జపాను చేరెను. తొలి రాత్రియే భూకంపము ఆయనకు స్వాగతమిచ్చినది. 1880 ఫిబ్రవరిలో యొకొహామా నగరము కంపించిన పిమ్మట, మిత్రులతో కూడి భూకంప శాస్త్ర సంఘమును నెలకొల్పెను.

కంపనమును కొలిచినంతనే ఆయనకు తృప్తి కలుగలేదు. కళాశాల ఆవరణలో ఒక చిన్న కొయ్య యింటిని ఇనుప గుండ్లపై నిలిపెను. నేల కదలినను ఇల్లు కదలకుండునని ఆశ. కాని గాలి వీచినను ఆ ఇల్లు ఊగసాగెను. ఆయన నిరుత్సాహపడక గుండ్ల పరిమాణమును క్రమముగా తగ్గించుచు, తుదకు సన్నని ఇనుప రవ్వలపై దానిని నిలిపి చూచెను.

1891 అక్టోబరు 28న మినో, ఓవారి మండలములను మహాభూకంపము ధ్వంసము చేసినది. ఏడువేలకు పైగా జనులు మరణించిరి. పాశ్చాత్య పద్ధతిని ఇటుకలతో కట్టిన నూలుమిల్లు కూలినది. రైలు వంతెనలు విరిగినవి. నాగరికతా చిహ్నములని గర్వించిన కట్టడములే మృత్యుద్వారములైనవి. ఒక దేశమునకు తగిన గోడ మరియొక దేశమున తగదని ఆ శిథిలములు చాటినవి.

అంతట మిల్న్, ఒమోరి అను జపాను పండితునితో కలిసి, యంత్రముతో ముందువెనుకలకు కదలు వేదికపై ఇటుక స్తంభములను నిలిపి, ఎంత వేగముగా ఊపిన విరుగునో, పడిపోవునో పరీక్షించెను. ఆ ఫలితములు 1893లో వెలువడెను. ఊహకు మారు లెక్క వచ్చినది. స్తంభమునకు అడుగున వెడల్పు, పైన తేలికదనము ఉండవలెనని తేలినది.

1895లో అగ్నిప్రమాదమున ఆయన గృహము, గ్రంథములు, పరికరములు దగ్ధమైనవి. ఆ యేడే భార్య తోనెతో స్వదేశమునకు మరలి, వైట్ ద్వీపమున మరల పరిశోధనాలయమును నిర్మించెను. ఆయన యంత్రములు అలీపూరు, కొలాబా, కొడైకెనాలులందును వెలసినవి. 1913లో మిల్న్ మరణించెను.

నేడు కర్మాగారముల నమూనాలను కంపన వేదికలపై ఊపి చూచి కట్టుచున్నారు. కూలిన పిమ్మట శోకించుటకంటె, కట్టకముందే ప్రశ్నించుట మేలని ఆయన జీవితము బోధించుచున్నది.