మద్రాసు నగర సేవకుడు సర్ పిట్టి త్యాగరాయశెట్టి

మన కళాశాల విద్యార్థులలో అనేకులు మధ్యాహ్న భోజనం పెట్టిన బడులలో చదువుకొని వచ్చినవారే. పుస్తకాల సంచితో పాటు పళ్ళెం కూడ పట్టుకొని బడికి పోయిన ఆ బాల్యానికి మూలమెక్కడని వెదకినచో, 1920 నాటి మద్రాసు రేవుపట్టణమూ, అందొక తెలుగు వర్తకుని పేరూ కనబడతాయి. ఆయనే సర్ పిట్టి త్యాగరాయశెట్టి.

1852లో, నాటి చెంగల్పట్టు జిల్లాలోని ఏగత్తూరులో, తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో ఆయన జన్మించారు. 1876లో ప్రెసిడెన్సీ కళాశాల నుండి బి.ఏ. పట్టం పొందారు. ఆ రోజులలో పట్టభద్రుడంటే సర్కారు కొలువు చేతికందినట్లే. త్యాగరాయశెట్టి మాత్రం కులవృత్తి అయిన నేత వైపే మరలి, ఉత్తర మద్రాసులో నేత కర్మాగారం నెలకొల్పారు. తాడు లాగితే నాడె తనంత తానే పరుగెత్తే కొత్త రకపు మగ్గాలను అక్కడ ప్రవేశపెట్టారు. మన నల్లగొండ సీమ నేతపనివారికి ఆ మార్పు ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. మద్రాసు రుమాలు అనబడే గళ్ళబట్ట ఓడలెక్కి పశ్చిమాఫ్రికా తీరం చేరుతుండిన కాలమది. 1909లో దక్షిణ భారత వాణిజ్య మండలిని స్థాపించిన ప్రముఖులలో ఆయన ఒకరు.

1882 నుండి 1922 వరకు, అంటే నలుబది సంవత్సరాలు, ఆయన మద్రాసు నగరపాలక సంస్థలో సభ్యులుగా ఉన్నారు. తరచు ఆయనను జస్టిస్ పార్టీ నాయకునిగానే స్మరిస్తారు. 1916లో డాక్టర్ టి. ఎం. నాయర్ మొదలగువారితో కలసి ఆ పక్షాన్ని స్థాపించినమాట నిజమే. కాని మురుగుకాలువలు, వీధిదీపాలు, మంచినీళ్ళు, బడుల లెక్కలు చర్చకు వచ్చే ఆ సభలో నలుబది ఏండ్లు కూర్చుండుటలోనే ఆయన వ్యక్తిత్వం ఎక్కువగా తెలుస్తుందని నా అభిప్రాయం. అంతవరకు ప్రభుత్వాధికారులే అలంకరిస్తూ వచ్చిన అధ్యక్షపీఠాన్ని అధిష్ఠించిన తొలి అనధికారి ఆయనే.

ఆ అధ్యక్షతలోనే, 1920 సెప్టెంబరులో, థౌజండ్ లైట్స్ ప్రాంతపు నగరపాలక పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టవలెనని సభ తీర్మానించింది. వేయి దీపాలు వెలిగించే షియా ముస్లిముల ప్రార్థనాస్థలం వలన ఆ పేటకు ఆ పేరు వచ్చింది. అక్కడి పిల్లలు నిరుపేదలు. ఆకలి వలన బడిలో హాజరు తగ్గుతున్నదని అధ్యక్షులు గమనించారు. ఒక్కొక్క విద్యార్థికి దినానికి ఒక అణాకు మించరాదని ఖర్చు నిర్ణయమైంది. అణా విలువ తెలిసిన వర్తకుని లెక్క అది! అది మరి నాలుగు బడులకు విస్తరించింది. 1922-23లో 811 మంది తిన్న భోజనాన్ని 1924-25 నాటికి 1,671 మంది తిన్నారు.

ఆ 1920 చివరలోనే ఎన్నికలలో జస్టిస్ పార్టీ గెలిచింది. గవర్నరు విల్లింగ్డన్ మంత్రివర్గం ఏర్పరచుమని త్యాగరాయశెట్టిని ఆహ్వానించగా, ఆయన ఆ పదవిని స్వీకరించలేదు. సుబ్బరాయలు రెడ్డియార్ ప్రథమ మంత్రి అయ్యారు. చేతికందిన రాజ్యాధికారాన్ని వదలుకొన్న ఆయన నగరసభను మాత్రం 1922 వరకు వదలలేదు.

ఇక్కడొక విషాదం చెప్పక తప్పదు. ప్రాథమిక విద్యానిధిని భోజనాలకు వెచ్చించరాదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పుటతో, 1925 ఏప్రిల్ ఒకటిన ఆ అన్నం ఆగిపోయింది. అప్పటి మంత్రులు పరాయివారు కారు, ఆయన పక్షంవారే. పానగల్లు రాజాగారే ప్రథమ మంత్రి. అన్నంతో పాటు బడిలో పిల్లలూ తగ్గారు. త్యాగరాయశెట్టి ఆ సంవత్సరమే కన్నుమూశారు. కామరాజు నాడార్ 1956లో రాష్ట్రమంతటా బడిభోజనం ఆరంభించడానికి ఇంకా మూడు దశాబ్దాలు పట్టింది.

ఆయన చివరి రోజులలోనే, మద్రాసుకు పడమట ఎండగట్టిన పెద్దచెరువు గర్భంలో ఒక కొత్త పేట వెలిసింది. దానికి త్యాగరాయనగర్ అని పేరు పెట్టారు. పెండ్లిపట్టుచీరల కొరకు మన ప్రాంతం నుండి కూడ పోయి వచ్చేవారున్న టి. నగర్ అదే.